స్టోల్ వద్దండీ, మీరు కట్టుకునేదే నెయ్యండి

మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ అడిగేది ఒకటే, ఇన్ని బట్టలు కొంటావు కదా ఒక్కటైనా కడతావా అని. కొన్ని కడతాను, కొన్ని దాస్తాను, కొన్నయితే కట్టినా మోకాళ్ళు దాటవు, ఎందుకంటే అవి ఒడిశాలో కొరాపుట్ వైపు పొలం పనికి వెళ్ళే ఆదివాసీ ఆడవాళ్ళ కొలతకి నేసినవి. నాకు కావాల్సింది ఆ పొట్టి చీరలే. ఈ పోస్టు దాని గురించే, మధ్యలో పొందూరు ఖాదీ, ఏటికొప్పాక లక్కబొమ్మలు, హుద్‌హుద్ తుఫాను, కలరా ఉండలు అన్నీ వస్తాయి, ఓపికుంటే చదవండి.

వైజాగ్ లో ఉన్నవాళ్ళకి ఈ పిచ్చి పట్టడం మహా తేలిక. పైకి వెళ్తే పొందూరు, కిందకి వెళ్తే ఏటికొప్పాక, కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్) రైలెక్కితే అరకు దాటి ఒడిశాలోని కొరాపుట్, జయపురం, ఇంకోవైపు విజయనగరం మీదుగా రాయగడ. బెంగుళూరు వాళ్ళు ఎగ్జిబిషన్ లో ఏసీ హాల్లో నిలబడి ఫోటోలు తీసుకునే బట్టలన్నీ మనకి ఒక రాత్రి ప్రయాణం లోపల తయారవుతాయి. కానీ పెళ్ళి అనగానే మనవాళ్ళు డాబాగార్డెన్స్ వైపు కంచిపట్టు కోసం పరిగెడతారు, పొందూరు అంటే నాయకులు కట్టుకునే పంచెలు కదా అంటారు. సరే, ఎవరి ఇష్టం వాళ్ళది.

పొందూరుతోనే మొదలుపెడతా, ఎందుకంటే నాకు బట్ట చూడ్డం నేర్పింది అదే. మా మావగారు పొందూరు పంచె తప్ప ఇంకోటి ముట్టేవారు కాదు, మా అత్తయ్యగారేమో ఆ పంచె ఉతకడం అంటే పసిపిల్లకి నీళ్ళు పోసినట్టే అనేవారు. అంత పల్చటి బట్ట అంత కాలం ఎలా ఉంటుందా అని నాకు ఆశ్చర్యం. అక్కడికి వెళ్ళి చూస్తే గానీ అర్థం కాలేదు. వాళ్ళు వాడే పత్తే వేరు, కొండపత్తి, ఎర్రపత్తి అని ఈ ప్రాంతంలో పండేది. ఆ పత్తిని శుభ్రం చెయ్యడానికి దువ్వెన ఏంటో తెలుసా, వాలుగ చేప దవడ. నిజంగానే, చేప దవడ ఎముకకి ఉన్న సన్నటి పళ్ళతో పత్తిని దువ్వుతారు, చెత్త పోయి పోగులన్నీ ఒకవైపుకి సర్దుకుంటాయి. తర్వాత గింజ తీసి, చిన్న విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. రాట్నం ఒంటి కదురుది, 24 ఆకులు ఉండే చక్రం. ఎక్కువగా పట్టుశాలీ కులం ఆడవాళ్ళు, ఇంటి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే 100, 120 కౌంటు నూలు తీసేస్తారు, కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నమన్నమాట. అక్కడి ఖాదీ సంఘం 1949లో పెట్టింది, గాంధీగారు తన కొడుకు దేవదాస్ గాంధీని పంపించి ఇదంతా చూసి రమ్మన్నారని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు.

నేను ఒకావిడ పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. ఆవిడ నవ్వి "ఏటమ్మా అలా సూస్తన్నావ్, నువ్వూ ఒకపాలి తిప్పు" అంది. తిప్పాను, పోగు తెగింది, మళ్ళీ అతికించి ఇచ్చింది, మళ్ళీ తెగింది. ఆవిడ చెయ్యి మాత్రం పోగు వైపు చూడను కూడా చూడట్లేదు, కళ్ళు వీధిలో పోయే మనవడి మీద ఉన్నాయి. అంత పనికి వాళ్ళకొచ్చే కూలి అడిగితే మాత్రం నాకు నోట మాట రాలేదు, అందుకే ఆడపిల్లలెవరూ ఈ పని నేర్చుకోవట్లేదు. ఇప్పుడు వడికేవాళ్ళలో నాకు కనిపించింది దాదాపు అందరూ పెద్దవయసు వాళ్ళే. నేత గురించి అందరూ మాట్లాడతారు గానీ, నా లెక్కలో పొందూరు బట్ట బతకాలంటే ముందు వడికేవాళ్ళు బతకాలి, మగ్గం దగ్గరికి నూలు రాకపోతే నేతగాడు మాత్రం ఏం నేస్తాడు.

పొందూరులో నేను కొనేది పంచెలు, కండువాలే. కుర్తా పీసులు కూడా ఉంటాయి, బాగానే ఉంటాయి. కానీ కలెక్షన్ కి అంటే పంచే, ఎందుకంటే ఆ ఊరు ఇన్నేళ్ళు దేనికోసం వడికిందో అది అందులోనే తెలుస్తుంది, ఆ పల్చదనం, ఆ అంచు, ఆ పొడవు.

అసలు విషయం అదే. ఏ ఊరి బట్టయినా ఆ ఊరివాళ్ళు తమకోసం ఏ రూపంలో నేసుకున్నారో ఆ రూపంలో కొనాలి అనేది నా పట్టు. ఇది నాకు కొట్‌పాడ్ లో గట్టిపడింది.

కొట్‌పాడ్ తెలియని వాళ్ళకి, జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్ళే దారిలో వస్తుంది. అక్కడ మిర్గాన్ అనే నేత కులం వాళ్ళు చుట్టుపక్కల ఆదివాసీల కోసం తరతరాలుగా నేస్తున్నారు. కొనేది ఆదివాసీలు, నేసేది మిర్గాన్లు, అంటే ఇది మొదటినుంచీ ఆర్డర్ మీద నడిచే వ్యాపారమే, ఎవరికి ఏ అంచు, ఎంత పొడవు అనేది కట్టుకునేవాళ్ళే చెప్పేవాళ్ళు. 2005లో ఈ బట్టకి జీఐ, అంటే ఇది ఈ ఊరిదే అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది, 2018లో అక్కడి నేతగాడు గోబర్ధన్ పాణికా గారికి పద్మశ్రీ ఇచ్చారు. రంగులు చాలా తక్కువ, రంగు వెయ్యని నూలు తెలుపు, ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన ఎర్రమట్టి లాంటి ఎరుపు, అందులోనే అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపితే వచ్చే ముదురు గోధుమ. అంతే. ఆ రెండు మూడు రంగులతోనే పీతలు, చేపలు, శంఖాలు, గొడ్డళ్ళు, విల్లులు అన్నీ పల్లూలో నేస్తారు, అద్దకం కాదు, ఎక్స్‌ట్రా పేక, అంటే అడ్డపోగు, వేసి నేతలోనే తెస్తారు.

రంగు వెయ్యడం ఆడవాళ్ళ పని. నూలుకి ముందు ఆముదం పట్టించాలి, ఆవుపేడ, బూడిద నీళ్ళు, మళ్ళీ ఆముదం, మళ్ళీ ఎండబెట్టడం, ఇలా రోజుల తరబడి పిసుకుతూనే ఉండాలి, ఆ తర్వాతే వేరు పొడిలో ఉడకబెట్టడం. మొత్తం అయ్యేసరికి నెల పడుతుంది. ఇంత కష్టం ఎందుకంటే నూలు ఊరికే ఎరుపు పట్టదు, ఆ నూనె, ఆ బూడిద ఉంటేనే వేరులోని రంగు లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. కొత్త బట్టకి ఒక వాసన ఉంటుంది, ఆముదం, మట్టి, పొగ కలిసిన వాసన, మా అబ్బాయికి అస్సలు పడదు, నాకు మాత్రం బీరువా తలుపు తియ్యగానే అదే కావాలి.

అక్కడ నేత ఇంటికి వెళ్తే ముందు చూపించేది స్టోల్స్. ఆ తర్వాత దుపట్టాలు, ఆ తర్వాత టేబుల్ రన్నర్లు. ఎందుకంటే సిటీ నుంచి వచ్చినవాళ్ళు అవే అడుగుతారు, తేలిగ్గా ఉంటుంది, రేటు తక్కువ, ఎవరికైనా గిఫ్ట్ ఇవ్వచ్చు. నేను మాత్రం "స్టోల్ వద్దండీ, ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకునేదే చూపించండి" అన్నాను. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లోకి వెళ్ళి వాళ్ళావిడతో ఏదో మాట్లాడి, ట్రంకు పెట్టెలోంచి ఒకటి తీసుకొచ్చారు. బరువు చూసి ఆశ్చర్యపోయాను. ముతక నూలు, దళసరి నేత, చలికాలంలో అదే దుప్పటి, పిల్లని వీపున కట్టుకోడానికి అదే ఉయ్యాల. పొడవు తక్కువ, ఎందుకంటే వరిమడిలో దిగేవాళ్ళకి పాదాల దాకా చీర ఎందుకు. పల్లూ మాత్రం నిండుగా. స్టోల్ లో రెండు చివరలా చిన్న చిన్నగా వేసే ఆ పీత బొమ్మ ఇక్కడ అరచేయంత ఉంది. స్టోల్ చూసి నేను కొట్‌పాడ్ బట్ట సున్నితమైనది అనుకునేదాన్ని, అది సున్నితమైనది కానే కాదు.

స్టోల్స్ కొనేవాళ్ళని నేను తక్కువ చెయ్యట్లేదు. నిజానికి ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది వాటివల్లే. ఆదివాసీ ఆడవాళ్ళు చాలామంది సంతలో దొరికే మిల్లు చీరలకి మారిపోయారు, అయిదారో వంతు రేటుకి దొరుకుతుంటే మారక ఏం చేస్తారు, వాళ్ళని తప్పు పట్టడానికి మనమెవరం, మనం మాత్రం నైటీల్లో తిరుగుతూ. కాకపోతే వాడుకకి కొనడం వేరు, దాచడానికి కొనడం వేరు. దాచేదైతే అసలు కొలతలో ఉండాలి, లేకపోతే ఇంకో యాభై ఏళ్ళకి ఎవరైనా చూసి కొరాపుట్ ఆదివాసీలు స్టోల్స్ వేసుకునేవాళ్ళు కాబోలు అనుకుంటారు.

ఇక్కడ హుద్‌హుద్ కథ చెప్పాలి. 2014 అక్టోబర్ 12న మా పెదవాల్తేరు ఫ్లాట్ లో బెడ్రూం కిటికీ అద్దం పగిలి వాన మొత్తం బీరువా మీదకి కొట్టింది, బీరువా తలుపు వంగిపోయి తెరుచుకుంది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, చెట్లన్నీ రోడ్డు మీదే. బట్టలన్నీ తడిసి ముద్దయి ఒకదాని మీద ఒకటి పడున్నాయి. తీగలు కట్టి ఆరేస్తే అప్పుడు తెలిసింది ఎవరి రంగు ఎంతో. ఎగ్జిబిషన్ లో "ప్యూర్ వెజిటబుల్ డై మేడమ్" అని అమ్మిన చీర పక్కనున్న తెల్ల పంచెకి గులాబీ రంగు అంటించింది. కొట్‌పాడ్ ది నీళ్ళల్లో నానినా తన తెలుపులోకి తన ఎరుపు ఒక్క చుక్క కూడా దిగలేదు. ఆ గులాబీ మరక పంచె ఇప్పటికీ పారెయ్యలేదు, ఎవరైనా వచ్చి వెజిటబుల్ డై గురించి లెక్చర్ ఇస్తే తీసి చూపిస్తా.

అందుకే కొనేముందు ఒక పని చేస్తా, తడి తెల్ల కర్చీఫ్ తో మూల మీద గట్టిగా రుద్దుతా. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే ఇంకా మంచిది, వెంటనే లేచొచ్చేస్తా. చేనేతో పవర్‌లూమో చూడ్డానికి అంచు చూస్తా, మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా అంచులకి గుచ్చి లాగి పెట్టే బద్ద ఉంటుంది, దాని సూదులు గుచ్చిన సన్నటి రంధ్రాలు అంచు పొడుగునా కనిపిస్తాయి. అయితే కొన్ని పవర్‌లూమ్ బట్టల మీద కూడా అలాంటి గుర్తులు పడతాయి కాబట్టి అదొక్కటే నమ్ముకోకూడదు, వెనకవైపు తిప్పి బుటా పోగులు చూడాలి, నేత అంతా గీత గీసినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. 1985లోనే చేనేతకి కొన్ని రకాలు రిజర్వ్ చేస్తూ చట్టం వచ్చింది, 11 రకాలు పవర్‌లూమ్ మీద నెయ్యకూడదు, కానీ ఆ చట్టం బజార్లో ఎంత కనిపిస్తుందో మీరే చూడండి.

ఇప్పుడు రాయగడ వైపు. నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కోంధ్ ఆదివాసీ ఆడవాళ్ళు కుట్టే శాలువా ఉంది, కప్డాగండా అంటారు. వాళ్ళు నెయ్యరు, ముతక తెల్లబట్ట కింద ఊళ్ళల్లో డొంబు కులం వాళ్ళ దగ్గర కొనుక్కుని దానిమీద సూదితో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుడతారు, త్రికోణాలు, గీతలు, చుక్కలు, అన్నీ కొండలే. పెళ్ళికాని అమ్మాయి తను ఇష్టపడ్డవాడికి ఇస్తుంది, అన్నదమ్ములకి, తండ్రికి కూడా కుట్టి ఇస్తారు. 2024 జనవరిలో దీనికి జీఐ వచ్చింది. 2013లో 12 గ్రామసభలు వరసపెట్టి బాక్సైట్ తవ్వకం వద్దని చెప్పింది ఈ జనమే.

చాటికోన దగ్గర బుధవారం సంతకి కొండ దిగి వస్తారు. అక్కడొక దళారీ నన్ను పక్కకి పిలిచి "పాతది ఉంది, వాడింది, ఒరిజినల్" అని చూపించాడు. అంచు కాస్త చిరిగి, చెమట మరకలతో, చాలా బాగుంది, అబద్ధం చెప్పను. కొనలేదు. ఎవరో అమ్మాయి ఎవరి కోసమో కుట్టింది, అది అతని భుజం మీంచి ఈ దళారీ చేతిలోకి ఎలా వచ్చిందో, ఎంత ఇచ్చి తీసుకున్నాడో, ఏ అవసరానికి ఇచ్చారో, అది తెలియకుండా నా బీరువాలో పెట్టుకుని నేనేం చెప్పను దాని గురించి. చాలామంది కలెక్టర్లు పాతదే కావాలంటారు, కొత్తది నకిలీ అన్నట్టు మాట్లాడతారు, ఈ విషయంలో నాకు వాళ్ళతో అస్సలు పడదు. ఇవాళ కుట్టిన ఆవిడ పేరు చెప్పి, డబ్బు ఆవిడ చేతిలో పెట్టి తెచ్చుకున్న కొత్త శాలువా, ఎక్కడిదో తెలియని పాతదాని కంటే నాకు ఎక్కువ. పైగా కుట్టిన ఆవిడతో మాట్లాడితే ఈ గీత ఎందుకు, ఈ రంగు ఎందుకు అని చెప్తుంది, దళారీ చెప్పేది రేటొక్కటే.

అన్నీ కొనచ్చు అనుకోకూడదు కూడా. సవర ఆదివాసీల గోడ బొమ్మల సంగతే చూడండి. మన సీతంపేట వైపు, ఒడిశాలో గజపతి, రాయగడ వైపు సవరలు ఇంటి గోడకి ఎర్రమట్టి అలికి దానిమీద బియ్యప్పిండితో వేసేవి. అవి అలంకారానికి కాదు, చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం, ఎవరికో జబ్బు చేస్తేనో పంట చేతికొస్తేనో పూజారి చెప్తే వేస్తారు. ఆ బొమ్మ ఒక ఇల్లు, పెద్దలు వచ్చి అందులో ఉంటారు. మరి దాన్ని ఎలా కొంటాం, గోడ పెకలించి తెచ్చుకుంటామా. కాన్వాస్ మీద, బట్ట మీద వేసి అమ్మేవి వేరు, వాటిలో పూజ లేదు, బొమ్మ ఉంది, ఆ కుర్రాళ్ళు కూడా అదే మాట సూటిగా చెప్తారు. నేను ఒకటి కొని హాల్లో పెట్టాను, వచ్చినవాళ్ళంతా వార్లీ కదా అంటారు. కాదు బాబూ, వార్లీ మహారాష్ట్రది, అక్కడ మనిషి ఒళ్ళంతా మొనలు కలిపిన రెండు త్రికోణాలు, సవర బొమ్మలో మనుషులు పొడుగ్గా సాగి ఉంటారు, ఇక్కడ ముందు చుట్టూ హద్దు గీసి తర్వాత లోపల నింపుకుంటూ వస్తారు అని ప్రతిసారీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

గదబ ఆదివాసీ ఆడవాళ్ళ కెరంగ్ బట్ట నా దగ్గర లేదు. చెట్టు నారా నూలూ కలిపి, ఎరుపు నీలం తెలుపు చారలతో, చిన్న మగ్గం మీద ఆడవాళ్ళే నేసుకునేవాళ్ళు. ఇప్పుడు నేసేవాళ్ళు దాదాపు లేరు. అరకు వెళ్ళినప్పుడల్లా గదబ ఊళ్ళల్లో వాకబు చేస్తుంటాను, ముసలమ్మలు నవ్వి, మా అమ్మ కట్టేది అంటారు, అంతే. ఒకావిడ ఇంట్లో ఉందని తెలిసింది, పండగకి బయటికి తీస్తారట, అడగలేదు. అది ఉండాల్సింది అక్కడే.

ఇంకోటి ముట్టుకోకూడనిది మన ఊరిదే. 18, 19 శతాబ్దాల్లో వైజాగ్ కంసాలులు గంధపుచెక్క మీద ఏనుగు దంతం తాపి, దానిమీద నల్లటి లతలు చెక్కి, చిన్న చిన్న పెట్టెలు, కుర్చీలు చేసేవాళ్ళు, తెల్లదొరలు ఎగబడి కొనేవాళ్ళు. లండన్ లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పేరుతోనే ఉన్నాయి. ఇప్పుడు దంతం అమ్మకం నేరం, అందుకని ఎవరైనా తాతలనాటి పెట్టె అని తెస్తే దండం పెట్టి పంపించెయ్యండి. వందేళ్ళు దాటిన పాత కళావస్తువుల్ని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు, అమెరికాలో ఉన్న కూతురికి పంపిద్దాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

ఏటికొప్పాక గురించి రాస్తే అదొక పోస్టు అవుతుంది, క్లుప్తంగా చెప్తా. హైవే మీద అడ్డురోడ్డు దగ్గర దిగితే వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్ర, లక్క, తిరుగుతున్న కర్రకి లక్క ముక్క ఆనిస్తే ఆ వేడికి కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలాకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. 2017లో జీఐ, చెట్ల రంగులని వెనక్కి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ. అక్కడ కూడా నా పట్టు అదే, కీచైన్లు, పెన్ స్టాండ్లు కాకుండా లక్కపిడతలు కొనండి, పొయ్యి, తిరగలి, బిందె, చిన్న చిన్న గిన్నెలు అన్నీ కలిపి ఉన్న సెట్టు. పిల్లలు ఆడుకోడానికి చేసింది కాబట్టి పిల్లలకివ్వండి, అద్దాల బీరువాలో పెట్టకండి.

దాచే పద్ధతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తా. మన ఊళ్ళో సముద్రపు గాలికి అన్నిటికీ బూజు పడుతుంది, గుండుసూది గుచ్చితే నెలలోపే తుప్పు మరక. ప్లాస్టిక్ కవర్లు వద్దే వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత పంచె ఉతికి గంజి లేకుండా ఆరబెట్టి అందులో చుట్టండి, గంజి ఉంటే పురుగులు దానికోసమే వస్తాయి. కుదిరితే మడతెయ్యకుండా గొట్టానికి చుట్టండి, మడత తప్పదంటే మడతలు మారుస్తూ ఉండండి, లేకపోతే సరిగ్గా ఆ మడత దగ్గరే చిరుగుతుంది. కలరా ఉండలు బట్టకి తగలకుండా పల్చటి గుడ్డలో మూటకట్టి మూలన పెట్టాలి. డిసెంబర్, జనవరిలో గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు అన్నీ బయటికి తీసి నీడలో ఆరేస్తా, అప్పుడు మా ఇల్లు చూస్తే మీరు నవ్వుతారు, ఫ్యాన్లకి కూడా చీరలే.

అన్నిటికంటే ముఖ్యం చీటీ. చిన్న నూలు రిబ్బన్ ముక్క మీద చెరగని ఇంకుతో ఊరు, నేసిన ఏడాది, ఎవరు కట్టుకునేది, ఏ రంగు దేనితో వేశారు, నేసినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు, ఇవి రాసి మూలన రెండు కుట్లు వెయ్యండి. మీ తర్వాత మీ పిల్లలకి ఈ పిచ్చి ఉండదు, చీటీ లేకపోతే అది పాత గుడ్డ, స్టీలు సామానులవాడికి వేసేస్తారు.

కొట్‌పాడ్ లో ఇప్పుడు ఇంకోటి నేతకి ఇచ్చాను. పెద్ద పల్లూది, పెళ్ళిళ్ళకి కట్టుకునే రకం. ఆల్ వేరు దొరకడం కష్టమైపోతోందట, వేరు తవ్వితే చెట్టు పోతుంది, అది మళ్ళీ పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, అందుకని రేటు ముందుగానే పెంచి చెప్పారు, నేనూ బేరం ఆడలేదు. ఈ వానల్లో నూలు ఆరదు, రంగు పట్టదు, దసరా దాటాక ఫోన్ చెయ్యమన్నారు. మా ఆయన మాత్రం, ముందు బీరువా సంగతి చూడు, తర్వాత చీర సంగతి అంటున్నారు.